పాత పడవల దారి

కొల్లేట్లో మిలటరీ పడవకు దారి చూపించిన సివిలు మనిషి ఎవరని పెదపాడు నుంచి ఆకివీడు దాకా ఎవరినడిగినా నా పేరే చెబుతారు. రెండువేల అయిదు వరదలో ఆ పడవ ముక్కు మీద గడ పుచ్చుకుని నిలబడింది నేనే. నేను ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. నేను తుమ్మితే మోటారు ఆగిపోయేది. కోతలనుకుంటే అనుకోండి గాని, నాయబ్ సుబేదారు దేవదానం సంగతి నాకంటే బాగా ఎరిగినవాడు ఈ పల్లపునేలలో లేడు.

ఆ మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు దేవదానం పైడిలంక బడి గట్టు పక్కన మోకాలిలోతు నీళ్లలో నిలబడి, పెట్రోలు డబ్బాను రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర ఊపి చూశాడు. సగానికి తక్కువుంది. బడి డాబా మీద ఇంకా ముప్పై ఒక్క మంది ఉన్నారు. నడిపేవాళ్లు గాక పడవ పట్టేది పదకొండు మందిని, మునగకుండా వేసుకునే తేలే చొక్కాలు ఎనిమిది. తూర్పున మబ్బు కాటుక పట్టినట్టుంది. భుజానున్న వైర్‌లెస్సులో మేజరు హిందీలో అప్పటికి రెండుసార్లు చెప్పాడు: అయిదున్నరకల్లా ఊరంతా రోడ్డు మీద ఉండాలి, చీకట్లో పడవ నడపడానికి వీల్లేదు.

వట్లూరులో ఒక కాలేజీలో దిగిన ముప్పై మంది సిపాయిల్లో తెలుగువాళ్లు ఇద్దరే. ఒకడు దేవదానం. పెదపాడు పక్క పల్లెలో పుట్టి, ఇరవై ఆరేళ్లుగా సైన్యానికి వంతెనలు కడుతున్నవాడు. రెండోవాడు సిపాయి ఫిరోజు. ఏలూరులో తివాచీలు నేసే షంషుద్దీన్ కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. భాష వచ్చినవాళ్లని మేజరు ఇద్దర్నీ ఒకే పడవలో వేశాడు.

ఫిరోజు ఒక్కొక్కర్నీ చెయ్యిచ్చి ఎక్కిస్తున్నాడు. దేవదానం ఒక్కొక్కరి నెత్తి మీద వేలు పెట్టి లెక్కిస్తున్నాడు. ఎండుచేపల రూతమ్మ చంకలో గంపతో సహా వచ్చింది.

"సామాను వద్దని ఆర్డరు, పెద్దమ్మా."

"ఇది సామానేంట్రా దానయ్యా, చేపలు. నీకు గోచీ పెట్టిన చెయ్యిరా ఇది. నువ్వు నాకు ఆర్డర్లు చెబుతావా?"

ఫిరోజు పెదవి కొరుక్కుని అటు తిరిగాడు. భుజం మీద నక్షత్రం ఉన్నవాడికి గోచీ ఉండేదన్న సంగతి చెవినపడితే ఏ సిపాయికైనా నవ్వు వస్తుంది. దేవదానం గంప తీసుకుని పడవ అడుగున పెట్టి, తడవకుండా పైన పట్టా కప్పాడు. రూతమ్మ దాకా వచ్చేసరికి తేలే చొక్కాలు అయిపోయాయి.

"నాకెందుకురా అయ్యి, నేను కొల్లేటి మనిషిని," అంది. పదకొండో తల ఆవిడ.

ఫిరోజు తాడు లాగి మోటారు స్టార్టు చేశాడు. పడవను కుడివైపుకు, మురుగు కాలవ మీదకు తిప్పుతుండగా దేవదానం చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాలవ చుట్టూ వద్దు. పోనూ రానూ గంటంబావు పడుతుంది. ఇంకా రెండు తడవలు తిరగాలి. అడ్డంగా కొట్టు. అదుగో ఆ తాడిచెట్ల గుంపును ఎడంచేతికి ఉంచుకుని తిన్నగా పో. పాత పడవల దారి. పావుగంటలో తేలతాం."

ఆ దారిన దేవదానం చిన్నప్పుడు వాళ్ల నాన్నతో వెళ్లేవాడు. రెండు తాటిదోనెలు జంట కట్టి, వాటి మీద గడ్డి వేసుకుని. కళ్లు మూసుకుని వెళ్లగలనని ఆయన నమ్మకం. ఆ మాటకొస్తే, వెళ్లింది కళ్లు మూసుకునే.

ఫిరోజు మోటారు తగ్గించాడు. "అటు వద్దండి, సాబ్."

"ఏం?"

"అక్కడ దారి లేదండి ఇప్పుడు. చేపల చెరువండి. దానికి ఇవతల పక్క గట్టుందండి. మొన్న ఎండాకాలం మిషన్లు పెట్టి ఎత్తు లేపారు. మునిగింది గాబట్టి కనపట్లేదు గాని, జానెడు కిందే ఉంటదండి. దాని మీద గుంజలు పాతి వల కట్టారు, పిట్టలు రాకుండా."

"నీకెలా తెలుసు?"

"పటాలంలోకి రాకముందు రెండేళ్లు మేత లారీ మీద క్లీనరుగా చేశానండి. ఆ గట్టు మీదే బస్తాలు దింపేవాళ్లం."

"ఇంత నీటికి గట్టు ఆగుతుందా? ఎప్పుడో తెగి కొట్టుకుపోయి ఉంటుంది. నువ్వు పుట్టకముందు నుంచి నాకు తెలుసురా ఈ కొల్లేరు."

పడవలోనుంచి ఎవరో నవ్వారు. "ఏలూరు బజారు బాబుకి కొల్లేరేం తెలుసండి."

"దానయ్య మన ఊళ్లవాడు. ఆడికి తెలీని దారా," అంది రూతమ్మ.

బడి మెట్ల దగ్గర తన దోనెకు తాడు బిగిస్తున్న ఏసోబు వైపు చూశాడు ఫిరోజు. ఏసోబు ఆ చెరువులో వలలు లాగే కూలీ. గట్టు ఎంతెత్తుందో, ఏ గుంజ ఎక్కడుందో వాడికి తెలుసు. "ఏవండీ ఏసోబు గారూ, మీరు చెప్పండి."

ఏసోబు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. దేవదానం ముఖంలోకి చూసి, చూపు నీళ్లలోకి దించుకున్నాడు. "వారు పెద్దోరండి. వారికి తెలిసే ఉంటదండి," అన్నాడు. మా వైపు మర్యాద అలాంటిది. పెద్దమనిషి నూతిలో దిగుతున్నా, అక్కడ నుయ్యుందండీ అని చెప్పడం మొహమాటం.

"పోనియ్," అన్నాడు దేవదానం.

"పోనివ్వనండి, సాబ్."

మోటారు గుడగుడలాడుతోంది. పదకొండు మంది, డాబా మీద ఇరవై మంది చూస్తున్నారు. దేవదానం చెవులు వేడెక్కాయి. మంచుకొండల్లో, గడ్డ కట్టే నీళ్లలో దిగమంటే దిగిన కుర్రాళ్లను చూశాడు గాని, సొంత మనుషుల ముందు తనకు కాదని చెప్పినవాణ్ని చూడలేదు.

"హుకుం ఇస్తున్నాను. నడుపు."

"పదకొండు మందిని పెట్టుకుని అటు నడపనండి. కాలవ మీదగా అయితే రాత్రంతా నడుపుతాను. అటు మాత్రం నడపను."

"దిగు. టోపీ తియ్యి. బెల్టు తియ్యి."

ఖైదు చేసిన సిపాయికి మొదట పోయేవి ఆ రెండే. ఫిరోజు గట్టెక్కి, తడిసిన వేళ్లతో బకిలు రెండుసార్లు జారితే మూడోసారి ఊడదీసి, బెల్టు చుట్ట చుట్టి టోపీలో పెట్టి, రెండు చేతులతో అందించాడు. ప్యాంటు జారకుండా ఎడంచేత్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. దేవదానం వైర్‌లెస్సు నొక్కి, సిపాయి ఫిరోజు హుకుం తిరస్కరించాడు, గట్టు మీద దింపాను, అని చెప్పాడు. అవతల మేజరు సరే అన్నాడు. గాలిలోకి వెళ్లిన మాట, ఇక తిరిగి రాదు.

ఇంతవరకూ నన్ను గడతో సహా ఆ పడవ ముక్కు మీద ఊహించుకుంటున్నవాళ్లు దయచేసి దింపెయ్యండి. నేనక్కడ లేను. ఆ వేళప్పుడు పెదపాడు రోడ్డు మీద పులిహోర పొట్లాల వరుసలో ఉన్నాను, రెండోసారి. నన్ను గుర్తుపట్టకుండా తువ్వాలు నెత్తిన వేసుకున్నాను కూడా. పడవ సంగతులు ఏసోబు కొంత, దేవదానమే కొంత తరువాత చెప్పినవి. నేను తుమ్మితే ఆగింది మోటారు కాదు, నా వెనకవాడి తిట్లు.

దేవదానం మోటారు పిడి తనే పట్టుకున్నాడు. గాలి చల్లగా కొట్టింది. తాడిచెట్ల గుంపు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, ఏమీ మారలేదు. ఆయనకు లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. రూతమ్మ, దేవదానం తల్లి సంగతులేవో చెబుతోంది. ముందర గుర్రపుడెక్క బారులు తీరి, పడవ ముక్కుకు అడ్డంగా ఎడమ నుంచి కుడికి పోతోంది. నీళ్లు ఎక్కడినుంచో ఎక్కడికో దూకుతుంటేనే తుక్కు అలా బారు తీరుతుంది. దేవదానం దాన్ని చూశాడు. పాత కాలవ లాగుడు అది, దారి దొరికింది, అనుకున్నాడు.

మోటారు ఒక్క అరుపు అరిచింది. పంకా మట్టిని కొరికింది. పడవ గిర్రున తిరిగి గట్టుకు అడ్డంపడింది. అటు చెరువులో నీళ్లు మూరెడు పల్లంగా ఉన్నాయి, ఇటు కొల్లేరంతా ఆ గట్టు మీదగా అందులోకి దూకుతోంది. జనమంతా భయంతో ఒక్క పక్కకే ఒరిగారు. పడవ గుంజలను పట్టుకున్నట్టే పట్టుకుని, వదిలి, బోర్లాపడింది.

ఊరికి రెండు కేకల దూరం. ఏసోబు దోనె గట్టు విడిచేసరికే ఫిరోజు దాని ముక్కు మీద ఉన్నాడు. బెల్టు లేని ప్యాంటు ఈతకు అడ్డమని విప్పి పారేశాడు. చొక్కాలున్నవాళ్లు తేలుతూ వలలో చిక్కుకుని అరుస్తున్నారు. వాడు కత్తితో వల కోసి ఒక్కొక్కర్నీ గుంజల దగ్గరికి లాగి, ఏసోబు గడ అందించి, గట్టు మీద నిలబెడుతున్నారు. అయిదోమారు మునిగి లేచేటప్పటికి వాడి ముక్కులోంచి నెత్తురు కారుతోంది. చిట్టచివర దేవదానాన్ని మెడ దగ్గర చొక్కా పట్టుకుని ఈడ్చాడు. ఆయనకు తేలే చొక్కా ఉంది. పడవ నడిపేవాడు వేసుకుని తీరాలని రూలు.

నీళ్లలో మునిగి ఉన్న ఆ గట్టు మీద, పిక్కలోతులో, దేవదానం ఒక్కొక్క నెత్తి మీద వేలు పెట్టి లెక్కించాడు. పది. మళ్లీ మొదటినుంచి లెక్కించాడు. పది.

మరో పడవ కాలవ మీదగా వచ్చి గట్టు మీదవాళ్లనూ డాబా మీదవాళ్లనూ తీసుకుపోయినా, ఫిరోజు చీకటి పడేదాకా మునుగుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. చెరువు మూల వల ఉబ్బి ఉన్నచోట రూతమ్మ దొరికింది. చెరువు కాపలావాడు ఎక్కణ్నించో దోనె వేసుకుని వచ్చాడు. "ఏవండీ, వల కొయ్యకండి బాబూ. లోపల సరుకుంది, మా ఓనరు గారు నన్ను చంపేస్తారండి," అని చేతులు నలుపుకున్నాడు. దేవదానం వాడివైపు చూడనైనా చూడలేదు. ఆవిడ జుట్టులో చిక్కుపడ్డ వల పోగులను ఒక్కొక్కటే వేళ్లతో విడదీశాడు. ఒక ముడి రాలేదు. ఏసోబు చాకు తీసి కోశాడు.

"నేను నిన్న చెప్పుంటే..." అన్నాడు ఏసోబు.

"అడిగినవాడు అడిగాడుగా," అన్నాడు దేవదానం. ఇద్దరూ ఆవిణ్ని ఎత్తి దోనెలో పడుకోబెట్టారు.

పదిమందిని లాగినవాడు ఆ వేళ కాలేజీలో లేబరేటరీ సీసాలు పెట్టుకునే గదిలో ఉన్నాడు. బయట తుపాకీతో కాపలా. వైర్‌లెస్సులో చెప్పిన మాట కాగితం మీదకు ఎక్కింది, కాగితానికి ఈత రాదు.

దేవదానం గేటు దగ్గర లారీ దిగేసరికి ఒక ముసలాయన టిఫిను క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ల కొసలు నూలు కోసిన గాట్లతో నల్లబడి ఉన్నాయి.

"సుబేదారు గారేనాండీ? ఫిరోజు వాళ్ల నాన్నండి, షంషుద్దీన్ అంటారండి. ఊళ్లోకొచ్చి నాలుగు రోజులైంది, ఇంటికి రాలేదు కుర్రాడు. డ్యూటీ అనుకోండి. వాళ్లమ్మ కైమా వండిందండి."

"ఆ... డ్యూటీలో ఉన్నాడండి."

"మీ గురించి ఫోన్లో చెబుతుంటాడండి. మా సాబు మన జిల్లా ఆయనే నాన్నా, నన్ను సొంత కొడుకులా చూస్తాడు, అని. ఒక్కసారి కనపడితే చూసి పోతానండి."

"ఇప్పుడు కుదరదండి."

"అయ్యో, పర్లేదండి. ఇది మాత్రం ఇప్పించండి. మీక్కూడా సరిపోద్దండి, ఇద్దరూ తినండి." క్యారేజీ ఆయన చేతిలో పెట్టి, నమస్కారం చేసి, సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

దేవదానం క్యారేజీ కాపలా సిపాయికి ఇచ్చి లోపలికి పంపాడు. పావుగంటకు అది అలాగే, మూత విప్పకుండా, బయటికి వచ్చింది.

సాయంత్రం మేజరు పిలిపించాడు. మంచివాడే. కేకలు వేసే మనిషి కాదు. టైపు చేసిన కాగితాలు రెండు బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు.

"చూడండి, దేవదానం సాబ్. ఇది ప్రమాదం గురించి. వరదలో కొట్టుకొచ్చిన దుంగ తగిలి పడవ తిరగబడింది. వరదన్నాక దుంగలుంటాయి. ఇది సిపాయి గురించి. జనం ముందు హుకుం తిరస్కరించాడు. ఈ కాగితం కల్నల్ సాబ్ దగ్గరికి పోతుంది. జైలు, ఆపైన ఇంటికి."

"పదిమందిని తీశాడు, సార్."

"దానికి నేను విడిగా మెచ్చుకుంటూ రాస్తాను. ఇవి వేర్వేరు కాగితాలు, సాబ్. కలపకండి. ఇవాళ ఒకడు తనకు తోచలేదని నడపనంటాడు, రేపు యుద్ధంలో పదిమంది అంటారు. మీకు నేను చెప్పాలా? మీ సుబేదారు ప్రమోషను కాగితం కూడా నా దగ్గరే ఉంది. రేపు పొద్దున తొమ్మిదికి విచారణ. సంతకం అప్పుడు పెట్టండి."

ఆయన సెల్యూటు చేసి బయటికి వచ్చాడు. మేజరు చెప్పినదాంట్లో అబద్ధం దుంగ ఒక్కటే. మిగతాదంతా తను కుర్రాళ్లకు ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న పాఠమే.

గురువారం తొమ్మిదికి ప్రిన్సిపాలు గదిలో ఫిరోజును ఇద్దరు సిపాయిల మధ్య నడిపించి తెచ్చారు. టోపీ లేదు, బెల్టు లేదు. ప్యాంటుకు ఎవరో పురికొస ఇచ్చారు. ముక్కు వాచి ఉంది.

"హుకుం విన్నావా?" అడిగాడు మేజరు.

"విన్నాను, సార్."

"నడపనన్నావా?"

"అన్నాను, సార్."

"చెప్పుకునేదేమైనా ఉందా?"

ఫిరోజు దేవదానం వైపు చూడలేదు. ఎదురుగోడ మీద వేలాడుతున్న పాఠాల టైంటేబులు వైపు చూశాడు. "లేదు, సార్. చెప్పాల్సిన వాళ్లకు అప్పుడే చెప్పాను."

మేజరు కాగితాలు దేవదానం ముందుకు జరిపి, కలం మూత తీసి ఇచ్చాడు.

దేవదానం రెండు కాగితాలూ చదివాడు. మళ్లీ చదివాడు. ఇంగ్లీషు మెల్లగా చదివే మనిషి, చదువుతున్నప్పుడు పెదవులు కదులుతాయి. "ఎందుకు నడపనన్నాడో ఇందులో లేదు, సార్," అన్నాడు.

"అవసరం లేదు."

"నీళ్ల కింద గట్టుందని చెప్పాడు. ఉంది. కాలవ మీదగా నడుపుతానన్నాడు. నేనే వినలేదు. దుంగ లేదు, సార్. నడిపింది నేను."

"సాబ్." మేజరు గొంతు తగ్గించాడు. "ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా? సంతకం పెట్టండి. ఇది నా హుకుం."

దేవదానం మడమలు కలిపి నిలబడ్డాడు. కలానికి మూత పెట్టబోతే రెండుసార్లు తప్పింది. మూడోసారికి పట్టింది. కలాన్ని బల్ల మీద, కాగితాలకు తగలకుండా ఎడంగా పెట్టాడు.

"పెట్టనండి, సార్."

తెలుగులో వచ్చేసింది. మేజరుకు తెలుగు రాదు గాని, అర్థం కాకపోలేదు. కాగితాలు రెండూ తనవైపుకు లాక్కున్నాడు.

ఆయన చెప్పిందంతా వేరే కాగితం మీద, ఆయన చేతిరాతతోనే, కల్నలు దగ్గరికి వెళ్లింది. జైలూ లేదు, ఇంటికి పంపడమూ లేదు. ఫిరోజుకు ఉద్యోగం మిగిలింది. అయితే హుకుం హుకుమే, కాదనడం కాదనడమే అని వాడి సర్వీసు కాగితంలో ఎర్రసిరా గీత ఒకటి గీశారు. ప్రమోషను వంతు వచ్చిన ప్రతిసారీ ఆ గీత అడ్డంపడుతుంది. దేవదానం మీద విచారణ వేశారు. సుబేదారు కాకుండానే, ఆ డిసెంబరులో పెట్టె సర్దుకుని పల్లెకు వచ్చాడు. రూతమ్మకు ఏ దుంగా తగల్లేదని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆవిడకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంకొక్కటి ఉంది. ఆ గురువారం మధ్యాహ్నమే ఎర్రకాలవ పొంగిందని పటాలాన్ని తాడేపల్లిగూడెం వైపు పంపించారు. ఊరి మొదట్లో లారీలు ఆగాయి. రోడ్డు పక్క కొట్టు దగ్గర దేవదానం ఒంటరిగా నిలబడి ఉంటే, టోపీ బెల్టు తిరిగి వేసుకున్న ఫిరోజు రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చాడు. "తాగండి, సాబ్, చల్లారిపోద్ది," అన్నాడు. ఇద్దరూ లారీ నీడలో గొంతుక్కూర్చుని తాగారు. చివర్న ఫిరోజు, "పెద్దమ్మ గారి చేపల గంప దొరికిందాండి?" అని అడిగాడు. "లేదురా," అన్నాడు దేవదానం.

ఇదీ కథ. పడవలో నేను లేనని ఇందాకే ఒప్పుకున్నాను. ఒప్పుకోవలసింది మరొకటి ఉంది. మిగతాదంతా జరిగిందే గాని, ఆ టీ మాత్రం నేను కల్పించింది. కథ వినేవాళ్లు కొంచెం తేలిగ్గా ఇంటికి పోతారని చేర్చాను. దేవదానం ఉండగా నేను ఆ ముక్క చెబితే, లేచి అవతలికి పోయేవాడు.

జరిగింది ఇది. తాడేపల్లిగూడెంలో రెండు గ్లాసుల టీ కొన్నది దేవదానమే. రెండూ పట్టుకుని వెనక లారీ దగ్గరికి వెళ్లాడు. ఫిరోజు కిందికి దిగి, మడమలు కలిపి, రూలు ప్రకారం సెల్యూటు కొట్టి, చెయ్యి దించి, తిరిగి లారీ ఎక్కి, అవతలి పక్క కూర్చున్నాడు. దేవదానం ఒక గ్లాసు తాగాడు. రెండోదాన్ని, మీగడ తొరక కట్టేదాకా, డ్రైవరు హారను కొట్టేదాకా పట్టుకుని నిలబడి, కొట్టువాడు చూడకుండా రోడ్డు వార వరదనీళ్లలో పారబోశాడు.